మడత లోపల తెల్ల అక్షరాలు

వీరభద్రయ్యకి రెండు నమ్మకాలున్నాయి. ఒకటి, దుకాణం బోర్డు మీద అక్షరాలు కాళేశ్వరరావు మార్కెట్ దగ్గర ఆటో దిగినవాడికి కూడా కనపడాలి. రెండు, కూతురు చదివిన చదువుకి గూగులోడు కనీసం మాట వినాలి.

మొదటిది ఆయన సాధించాడు. విజయవాడ వన్‌టౌన్‌లో దుకాణం ఉన్న సందు మొదట్లో నిలబడితే 'వీరభద్ర చేనేత వస్త్రాలయం' అన్న ఎర్ర అక్షరాలే ముందు కనపడతాయి, సందు తర్వాత కనపడుతుంది. రెండోది మాత్రం కూతురు రేణుక దగ్గర ఆగిపోయింది.

రేణుక కంప్యూటర్స్ చదివింది. దుకాణం పైగదిలో కూర్చుని నాలుగైదు వ్యాపారాల వెబ్‌సైట్లు చూసుకుంటుంది. జనం ఏదైనా వెతికితే ఆ సైట్లు గూగుల్‌లో పైన కనపడేలా చేయడమే పని. బంధువులు మాత్రం 'కొట్లో కూర్చుంటోంది' అని చెప్పుకుంటారు. ఆ నాలుగైదింటిలో డబ్బులివ్వని క్లయింటు ఒక్కడే. ఎక్కువ సలహాలిచ్చేది కూడా అతనే.

"మన పేజీలో చేనేత అన్న మాట ఎక్కడొచ్చినా ఎర్రగా, లావుగా పెట్టవే. అప్పుడు గూగులోడికి తెలుస్తది, వీళ్లు గట్టిగా చెప్తున్నారని."

"పేజీ మొత్తం లావుగా పెడితే ఏదీ లావుగా ఉండదు నాన్నా."

"ఎదురుకొట్టోళ్లు పెట్టారుగా?"

"వాళ్లు పైనుంచి మల్లెపూలు కూడా రాలుస్తున్నారు. పేజీ తెరిస్తే ఫోను కాలిపోతోంది."

పోయిన దసరాకి ముందు ఈ గొడవ మరీ ముదిరింది. అప్పుడు రేణుక ల్యాప్‌టాప్ మూసి ఓపిగ్గా చెప్పింది. శీర్షికని శీర్షికలాగా పెడితే పేజీ దేని గురించో అర్థం కావడానికి కాస్త పనికొస్తుంది. ముఖ్యమైన మాట ఒకటీ అరా లావుగా పెడితే పిసరంత ఉపయోగం ఉంటే ఉండొచ్చు. ఎరుపూ పసుపూ మెరుపూ మాత్రం దండగ. ఇంత చెప్పాక, తండ్రి మొహంలో ఏ మార్పూ కనపడకపోయేసరికి, ఒక్క ముక్కలో తేల్చేసింది.

"గూగుల్‌కి రంగులు కనపడవు నాన్నా."

వీరభద్రయ్య కుర్చీలో ముందుకి వంగాడు. "కనపడవా?"

"అస్సలు కనపడవు."

"ఆహా," అన్నాడాయన. బేరంలో అవతలివాడు నోరు జారినప్పుడు ఆయన అనే 'ఆహా' అది. రేణుక పట్టించుకోలేదు. ఆ తర్వాత ఎర్ర అక్షరాల గొడవ రాకపోవడంతో తానే గెలిచాననుకుంది.

సైటు కూడా గెలుస్తున్నట్టే కనపడింది. సంక్రాంతి దాటినప్పటి నుంచి వచ్చిపోయే జనాన్ని చూపించే గీత ఇంద్రకీలాద్రి మెట్లెక్కినట్టు ఎక్కింది. రేణుక ఆ గీతని ప్రింటు తీసి తండ్రికిచ్చింది. ఆయన దాన్ని లామినేషన్ చేయించి, నాలుగు మూలలా పసుపు రాసి, గల్లాపెట్టె వెనక లక్ష్మీదేవి పటం పక్కన పెట్టాడు. రోజూ దానికీ ఓ అగరొత్తి వెలిగించేవాడు. గీత పైకెళ్తుంటే ఎందుకు వెళ్తోందని ఎవరూ అడగరు. రేణుకా అడగలేదు.

శ్రావణమాసం బేరాలు మొదలైన వారంలో, పదకొండు గంటలప్పుడు, దుకాణం ఫోను మోగింది. వీరభద్రయ్య ఉయ్యూరులో ఎవరిదో గృహప్రవేశానికి వెళ్లి ఇంకా రాలేదు. సేల్స్ చూసే జయపాల్, రేణుక పుట్టకముందు నుంచీ ఆ కొట్లోనే ఉన్న మనిషి, ఇద్దరు ఆడవాళ్లకి చీరలు విప్పి చూపిస్తున్నాడు. రేణుకే ఫోనెత్తింది.

"అమ్మా, నా పేరు సీతమ్మ. గుణదల నుంచి మాట్లాడుతున్నా. టీచరుగా చేసి రిటైరయ్యాను. మా అమ్మాయి పెళ్లి కుదిరింది. పెట్టుబడి చీరలన్నీ మీ దగ్గరే తీసుకుందామని చూస్తున్నానమ్మా."

పెళ్లిలో అటూ ఇటూ బంధువులందరికీ పెట్టే చీరలు! శ్రావణంలో అంతకన్నా తీపి మాట లేదు. "తప్పకుండా అండీ, మీరు ఎప్పుడొస్తే అప్పుడే."

"ఒక్క సందేహం. మీ నెమలికంఠం రంగు చీర గురించి ఏదో రాశారు. చదవనా?"

రేణుకకి నవ్వొచ్చింది. ఆ పేజీలో రాత ఆమెదే. పెడనలో తన తాతమ్మ మగ్గం గుంటలో కాళ్లు పెట్టుకుని కూర్చుని నేసిన సంగతి, చీకట్లో కూడా వేళ్లతో పోగు తెగిందో లేదో కనిపెట్టిన సంగతి, అన్నీ రాసింది. చదివినవాళ్లు ఫోన్ చేసి మెచ్చుకోవడం కొత్తేమీ కాదు.

"చదవండి ఆంటీ."

"'మరమగ్గం సరుకు. అడిగితేనే చెప్పు.' అని ఉంది." సీతమ్మ గొంతు సవరించుకుంది. "అడుగుతున్నానమ్మా. చెప్పు."

రేణుక ఫోను రెండో చెవికి మార్చుకుంది.

"అది... ఎక్కడుందండీ?"

"గూగుల్లో. చేనేతకీ మరమగ్గానికీ తేడా ఎలా తెలుస్తుంది అని కొట్టాను. మీ కొట్టే పైన వచ్చింది, కింద ఈ రెండు ముక్కలూ ఉన్నాయి. పేజీ తెరిస్తే మాత్రం ఎక్కడా లేవు. పిల్లల పేపర్లు దిద్దిన కళ్లమ్మా ఇవి, రెండుసార్లు వెతికాను. బయట ఉంది, లోపల లేదు. నా కళ్లజోడు తప్పా, మీ కొట్టు తప్పా?"

"నేను చూసి మళ్లీ ఫోన్ చేస్తానండీ."

"తీరిగ్గా చూడు. నేనెలాగూ వన్‌టౌన్ బయల్దేరాను. అక్కడే మాట్లాడుకుందాం."

రేణుక మెట్లెక్కిందో, ఎగిరిందో ఆమెకే గుర్తులేదు. నెమలికంఠం చీర పేజీ తెరిచింది. ఫొటో ఉంది. తాతమ్మ ఉంది. మగ్గం గుంట ఉంది. దాని కింద తెల్లగా ఖాళీ. ఆ ఖాళీ కాస్త ఎక్కువగా ఉందని ఆమెకి మొదటిసారి అనిపించింది. మౌస్ పట్టుకుని ఆ తెల్లటి చోటు మీద పైనుంచి కిందకి గీసింది.

నీలం మెరుపులో తెల్ల అక్షరాలు లేచి కూర్చున్నాయి.

'మరమగ్గం సరుకు. అడిగితేనే చెప్పు.'

నెత్తి మీద బల్లి పడ్డట్టయింది. ఎవరో సైటులోకి దూరారు! హ్యాకింగ్! ఎదురుకొట్టు మల్లెపూల వాళ్ల పనే అయ్యుండాలి. పక్క పేజీ తెరిచి గీసింది.

'రంగు దిగుద్ది. మొదటి ఉతుకు ఉప్పునీళ్లని చెప్పు.'

ఇంకోటి. 'మడత దగ్గర పిగిలింది. తిప్పి మడతపెట్టి చూపించు.'

ఇంకోటి. 'అసలు పెడన. ధర తొందరపడి దించొద్దు.'

రేణుక ఆగిపోయింది. ప్రపంచంలో ఏ హ్యాకర్‌కి తెలుస్తుంది, బంతిపూల రంగు చీర మడత దగ్గర పిగిలిందని?

ఆ మాటలు ఆమెకి తెలుసు. చిన్నప్పటి నుంచీ చూసినవే. చీర లోపలి మడతలో అంటించిన చీటీ మీద పెన్సిల్‌తో సన్నగా రాసుంటాయి. సేల్స్‌మన్ చీర విప్పుతూ ఓరకంట అది చదువుకుంటాడు, కొనేవాళ్లు కొంగు చూస్తుంటారు. 'కొంగు చూసే కళ్లు మడత చూడవు' అని వీరభద్రయ్య కొత్త కుర్రాళ్లకి మొదటి రోజే నేర్పేవాడు. వన్‌టౌన్‌లో అదేం తప్పు కాదు, పద్ధతి.

కానీ మరమగ్గమా? చేనేత అని అంత పెద్ద బోర్డు పెట్టిన కొట్లో?

ఆమె పేజీలన్నీ గీస్తూ పోయింది. 'మరమగ్గం. అడిగితేనే చెప్పు.' 'మరమగ్గం. అడిగితేనే చెప్పు.' ఏ పేజీ అడుగున చూసినా అదే. మధ్యలో ఎక్కడో ఓ 'అసలు పెడన', దారితప్పి వచ్చిన చుట్టంలా.

అప్పుడు గుర్తొచ్చి, జనం ఏ మాటలు వెతికి తమ సైటుకి వస్తున్నారో చూపించే చోటు తెరిచింది. నెలల తరబడి గీత చూసి మురిసింది గానీ, ఆ మాటల పట్టీ వైపు తొంగిచూడలేదు. 'మరమగ్గం చీర గుర్తుపట్టడం ఎలా.' 'చీర రంగు దిగితే ఏం చేయాలి.' 'ఉప్పునీళ్లలో చీర.' తాతమ్మ కోసం వచ్చినవాళ్లు పట్టీ అడుగున ఎక్కడో ఉన్నారు. లక్ష్మీదేవి పక్కన అగరొత్తులు అందుకుంటున్న ఆ గీతని పైకెక్కించింది ఆమె కాదు. తెల్ల అక్షరాలే ఎక్కించాయి.

కుర్చీకి ఆనుకుంది. ఇంక ఇంతకన్నా ఏముంటుందిలే అనుకుంది.

ఉంది. ఒక్క పేజీ మిగిలింది.

లావెండర్ రంగు చీర. ఆ పేజీలో చీర కట్టుకుని నిలబడ్డ మోడల్ రేణుకే. కాలేజీలో పట్టా తీసుకున్న రోజు ఫొటో. క్లాసులో అందరూ ముట్టుకుని ముట్టుకుని చూస్తుంటే, "మెషిన్ మీద నేసింది కాదు తల్లీ, మా పెడన మగ్గం మీద నా కోసం నేయించారు నాన్న" అని ఎంత గొప్పగా చెప్పుకుందో. ఆ ఫొటో కింద తెల్లటి ఖాళీ మీద మౌస్ పెట్టి, కాసేపు గీయకుండా ఉండిపోయింది. తర్వాత గీసింది.

'మరమగ్గం. పాపది కూడా ఇదే. దానికి చెప్పొద్దు.'

కింద స్కూటర్ ఆగిన చప్పుడైంది. వీరభద్రయ్య గృహప్రవేశం తాంబూలం సంచీ ఊపుకుంటూ లోపలికొచ్చాడు. ల్యాప్‌టాప్ చంకలో పెట్టుకుని మెట్లు దిగుతున్న కూతురి మొహం చూసి, "ఏమైందే? కరెంటు షాక్ కొట్టిందా?" అన్నాడు.

చీరలు చూస్తున్న ఆడవాళ్లు అప్పటికే వెళ్లిపోయారు. రేణుక ల్యాప్‌టాప్ గల్లా మీద పెట్టి, ఖాళీ మీద గీసి చూపించింది. ఆయన కళ్లజోడు సర్దుకుని చూశాడు.

"ఓస్, ఇదా! ఎవరికీ కనపడదుగా."

"గుణదల నుంచి సీతమ్మ గారు ఫోన్ చేసి చదివి వినిపించారు. గూగుల్లో పైనే ఉందంట."

వీరభద్రయ్య చేతిలోంచి సంచీ జారి, అరటిపళ్లూ తమలపాకులూ నేలమీద పడ్డాయి. ఆయన మొహంలో రంగు, చీటీ మాట నిజం చేస్తున్నట్టు, దిగిపోయింది.

"కనపడుద్దా? గూగులోడికి కనపడుద్దా? రంగులు కనపడవన్నావుగా నువ్వు!"

"రంగులు కనపడవు నాన్నా! అక్షరాలు కనపడతాయి!"

"తెల్ల కాగితం మీద తెల్ల సిరా ఎట్టా కనపడుద్దే? మనిషికేమో తెలుపులో తెలుపు కనపడదు. వాడికేమో రంగులే కనపడవు. రెండు పక్కలా తలుపేసినట్టే గదా అని..."

"తాతమ్మ చీకట్లో వేళ్లతో పోగు పట్టుకునేదా లేదా? ఇదీ అంతే. దానికి వెలుతురుతో పనిలేదు. నువ్వు తెల్లగా రాసినా, నల్లగా రాసినా తడుముకుంటూ చదువుద్ది. చదివి ఊరంతా చెప్పుద్ది."

రేణుక జయపాల్ వైపు తిరిగింది. "మీరా బాబాయ్ ఎక్కించింది?"

జయపాల్ చీర మడతపెడుతూనే తల వంచుకున్నాడు. "నాన్నగారు చెప్పారు, నేను కొట్టాను పాపా. ఫోన్లో బేరమాడేవాళ్లొస్తారు. అప్పుడు చీర మన చేతిలో ఉండదు, పేజీ ఉంటది. పేజీకి మడత లేదుగా చూసుకోడానికి. అందుకని మేమే ఓ మడత పెట్టుకున్నాం."

ఇంకెప్పుడైనా అయితే రేణుక ఆ మాటకి చప్పట్లు కొట్టేది.

"మడత సంగతి సరే. మరమగ్గం ఏంటి నాన్నా? ఎప్పటినుంచి?"

ఆయన పళ్లు ఏరుకోవడానికి వంగాడు. వంగే చెప్పాడు. "నువ్వు సైటు పెట్టి ఆర్డర్లు తెచ్చినప్పటినుంచి."

"నేనా?"

"మరెవరే? పూనా అంటారు, ఢిల్లీ అంటారు, రోజూ టంగ్ టంగ్‌మని ఆర్డర్లు. పెడనలో మనకి నేసేవాళ్లు ఎంతమంది మిగిలారు? చీర మగ్గం దిగడానికి దాని టైము దానిది. నువ్వు బటన్ నొక్కితే దిగుద్దా? 'చీరలు లేవు' అని పెట్టవే అంటే ఏమన్నావు? 'లేవు లేవు అని పెడితే వచ్చినోళ్లు తిరిగి రారు నాన్నా, ర్యాంకు పోద్ది' అన్నావా లేదా?"

అంది. ఆ రోజు టిఫిన్ తింటూ, తల ఎత్తకుండానే అంది. తండ్రి మోసం చేశాడని మెట్లు దిగింది. తీరా దిగాక, ఆ మోసానికి సరుకు తెప్పించింది తనేనని తెలిసింది.

"మరి నా చీర?" అంది చివరికి.

వీరభద్రయ్య లేవలేదు. ఓ అరటిపండు చేతిలో పట్టుకుని అలాగే గొంతుక్కూర్చున్నాడు.

"లావెండరు కావాలన్నావు. పెడనలో లావెండరు ఎవరు నేస్తారే? అద్దకం వేయించి నేయించేలోపు మీ ఫంక్షన్ అయిపోద్ది. అప్పటికి మన కొట్లోకి వచ్చిన మరమగ్గం అదొక్కటే. నువ్వేమో... కట్టుకుని అంత మురిసిపోతివి. ఇంక ఏం చెప్పను?"

గుమ్మం దగ్గర చెప్పులు విడిచిన చప్పుడైంది. "ఫోన్లో మాట్లాడింది ఎవరమ్మా?" అంటూ, సన్నగా పొడుగ్గా ఉన్న ఒకావిడ చేతిలో గొడుగుతో లోపలికొచ్చింది. సీతమ్మ.

జయపాల్ మంచినీళ్లు తెచ్చాడు. వీరభద్రయ్య లేచి చేతులు జోడించాడు. ఆవిడ పరుపు మీద కూర్చుని కళ్లజోడు తుడుచుకుంటుంటే, ఆయన కూతురి చెవి దగ్గర గుసగుసలాడాడు.

"తీసెయ్. ముందు అది తీసెయ్యవే. ఏదో కంప్యూటర్ తప్పు అని చెప్దాం. కొట్టు పరువు పోద్ది, బంగారం."

తీసేయడం ఒక్క క్షణం పని. రేణుక వేలు మీట మీదే ఉంది. తీసేస్తే, గూగుల్ ఇంకోసారి వచ్చి చదువుకున్నాక ఆ మాటలు అక్కడా మాసిపోతాయి. సీతమ్మ తన కళ్లజోడునే అనుమానిస్తుంది. తాతమ్మ మగ్గం గుంటలోనే ఉంటుంది. తను ఇలాంటివే ఇంకా బోలెడు రాస్తుంది. ఫొటోలో లావెండర్ చీర కట్టుకుని నవ్వుతూనే ఉంటుంది.

అక్షరాల మీద గీసింది. తీసేయలేదు. రంగుల గళ్లలో నలుపు నొక్కి, ల్యాప్‌టాప్ సీతమ్మ వైపు తిప్పింది.

"మీ కళ్లజోడు తప్పు కాదండీ."

వీరభద్రయ్య గల్లాపెట్టె పట్టుకున్నాడు. జయపాల్ చేతిలో చీర విప్పుకుంటూ నేల దాకా జారింది.

సీతమ్మ తీరిగ్గా చదివింది. "ఇదే. అక్షరం పొల్లు పోకుండా ఇదే." తల ఎత్తి ఆయన్ని చూసింది. "ఏవండీ, బయట అంత లావు బోర్డు పెట్టుకుని, లోపల ఇంత సన్నంగా రాసుకున్నారేంటండీ?"

వీరభద్రయ్య అడుగు అరలోంచి పాత దుప్పటిలో చుట్టిన కట్ట తీసి ఆవిడ ముందు పెట్టాడు.

"ఇవి అసలువండీ. పెడనవి. ఇవే ఉన్నాయి."

"పెళ్లికి ఇవి చాలవుగా?"

"చాలవు. ఇంక..." ఏ వస్తువైనా 'ఉందండీ, తెప్పిస్తామండీ' అనడమే తప్ప ఇంకోటి అనని మనిషి. "ఇంక లేవండీ."

సీతమ్మ కట్టలోంచి రెండు చీరలు ఏరుకుంది. పెళ్లికూతురికి ఒకటి, కాబోయే వియ్యపురాలికి ఒకటి. "ఆవిడ మడత విప్పి మరీ చూసే రకంలే," అంది. మిగతా పెట్టుబడి చీరల సంగతి మాత్రం, "ఆలోచించుకుని చెప్తానండీ," అని గొడుగు తీసుకుని వెళ్లిపోయింది. బట్టలకొట్లో ఆ మాటకి అర్థం ఏంటో అక్కడున్న ముగ్గురికీ తెలుసు.

వీరభద్రయ్య లక్ష్మీదేవి పక్కన ఉన్న లామినేషన్ గీత తీసి, అటూ ఇటూ చూసి, సొరుగులో బోర్లా పెట్టాడు.

"అన్నీ నల్లగా చేస్తున్నా నాన్నా," అంది రేణుక. "'అడిగితేనే చెప్పు' అన్నది తీసేసి, 'మరమగ్గం' అన్న మాట ఉంచుతున్నా. చేనేత లేనప్పుడు 'లేవు' అని పెడతా. తాతమ్మ కథ అసలు పెడన చీరల కిందే ఉంటది."

"లావెండరుది కూడా చేస్తావా?"

"చేస్తా. 'దానికి చెప్పొద్దు' ఒక్కటి తీసేస్తా. దానికి తెలిసిపోయిందిగా."

ఆయన సొరుగు మూశాడు. "ర్యాంకు పోద్దా?"

"తెలీదు. పోవచ్చు. ఇట్టా దాచిపెట్టి రాస్తే గూగుల్ మోసం కింద లెక్కేస్తది. పట్టుకుంటే వెతికినా కనపడం. ఇప్పుడు దాచట్లేదుగా, చూద్దాం."

ఆమె మొదటి పేజీ దిద్దుతుంటే వీరభద్రయ్య వచ్చి వెనకాల నిలబడ్డాడు. నల్లటి 'మరమగ్గం' అన్న మాటని కళ్లు చిట్లించి చూశాడు.

"లావుగా పెట్టవే దాన్ని."

"ర్యాంకేం పెరగదు నాన్నా, ఎన్నిసార్లు చెప్పాలి?"

"ర్యాంకు కోసం కాదే. సీతమ్మ గారు మళ్లీ చూస్తే, కళ్లజోడు లేకపోయినా కనపడాలి."

"ఎరుపు కూడా వేయనా అండీ?" అన్నాడు జయపాల్ మూలనుంచి.

"ఎరుపొద్దు," అన్నారు తండ్రీకూతుళ్లు ఒకేసారి.

రేణుక ఆ మాటని గీసి, లావు మీట నొక్కింది. సైటు పెట్టిన ఇన్నేళ్లలో ఆయన లావుగా పెట్టమన్న మాటల్లో ఆమె లావుగా పెట్టింది అదొక్కటే.